కత్తికి పిడి



బుచ్చిరెడ్డిపాలెము పేరు చెప్పగానే కోదండరామస్వామివారి బ్రహ్మోత్సవములును, కనిగిరి జలాశయపు కాలువలును, నెల్లూరు మొలగొలుకులును మీకు జ్ఞప్తికి వచ్చును. నేను నేడు వానిలో దేనిని గూర్చియు మాటాడబోను. ఇంటి చూరులో గ్రుచ్చియుండు కొడవలిని గూర్చియు, వంటయింటి మూలనుండు కత్తిని గూర్చియు, ఇంకను సూటిగా చెప్పవలెనన్న వాని పిడిని గూర్చియు నాలుగు మాటలు చెప్పదలచితిని. ఇంత చిన్న విషయమునకు ఆకాశవాణి యేల యని మీలో కొందఱు నవ్వవచ్చును. కత్తి కొనునపుడు మనమందఱము అంచును బొటనవ్రేలితో తాకి చూతుము, వంపు చూతుము, చేత ఎత్తి బరువు చూతుము. పిడిని త్రిప్పి చూచువారు పదుగురిలో ఒక్కరైనను నాకు కనబడలేదు. నేనును చూడనివాడనే. చూడకపోవుటచే జరిగిన దేమో ముందుగా చెప్పెదను.

కొన్నేండ్ల క్రిందట ఎడగారు వరి కోతకు వచ్చినవేళ మూడు దినములు ముసురుపట్టి పైరు నేలకొఱిగెను. మన ప్రాంతమున వరికోతలు ఇప్పుడు చాలవఱకు యంత్రములతోనే జరుగుచున్నవి గదా. ఆ యేడు మా చేను మోకాటిలోతు బురదయై యంత్రము దిగు వీలు లేకపోయెను. మనుష్యులచేతనే కోయింపవలసివచ్చెను. పూర్వము కోతకు వచ్చువారు ఎవరి కొడవలి వారు తెచ్చుకొనెడివారు. తన కొడవలిని మఱియొకరి చేతికి ఇచ్చెడివారు కారు. యంత్రములు వచ్చిన పిదప ఆ కొడవళ్లును పోయినవి, వానిని కాపాడుకొను అలవాటును పోయినది. అందుచేత మా అటుకమీద పడియున్న పండ్రెండు కక్కుకొడవళ్లను నేనే దింపించితిని. రోహిణికార్తె యెండలకు ఎండి వాని పిడులన్నియు లొటలొటలాడుచుండెను. దానికేమి, రాత్రి నీళ్లతొట్టిలో వేసినచో తెల్లవారుసరికి బిగియునని వేసితిని. బిగిసినవి. నా యుపాయమునకు నేనే మెచ్చుకొంటిని.

మధ్యాహ్నమునకు మబ్బు విడి ఎండ కాసెను. ఎడమచేత దుబ్బు పట్టి కుడిచేత కోయుచున్న ఒక యమ్మ చేతిలో కొడవలి పిడిలోనే గిఱ్ఱున తిరిగి, ఆమె యెడమచేతి రెండు వ్రేళ్లను ఎముక కనబడునట్లు కోసెను. ఆసుపత్రికి తీసికొనిపోయితిమి. కుట్లు వేసిరి, ధనుర్వాతము రాకుండ సూది వేసిరి. వ్రేళ్లు నిలిచినవిగాని వానిలో ఒకటి నేటికిని పూర్తిగా ముడుచుకొనదు. ఖర్చు నేనే పెట్టుకొంటిని. ఆ కోతలన్నాళ్లు ఆమెకు కూలి లేదు. అదియు నేనే ఇచ్చితిని. “నీ తప్పేముందయ్యా, పాత కొడవలి,” అని ఆమె అనినది. ఆ మాట నన్ను నిద్రపోనీయలేదు. కొడవలి పాతదే కావచ్చును, కాని దాని అంచు క్రొత్తగా కక్కు వేయించినది. చెడినది పిడి. దానిని చెడగొట్టినవాడను నేను.

ఆ మఱునాడు ఆ కొడవలిని పట్టుకొని మా యూరి కమ్మరి ఆచారిగారి కొలిమికి పోయితిని. ఆయన ఎనుబదేండ్లు దాటినవాడు. కొలిమిని మనుమనికి అప్పగించి ప్రక్కన మంచముమీద కూర్చుండి, సమ్మెటదెబ్బ చప్పుడును బట్టియే మనుమని తప్పులు చెప్పుచుండును. కొడవలి నందుకొని పిడిని ముక్కువద్ద పెట్టుకొని, “నీళ్లలో వేశావా నాయనా?” అని యడిగెను.

“వేశాను ఆచారిగారూ.”

“అప్పు తీర్చడానికి అప్పు చేశావు,” అనెను.

ఆ మాటకు అర్థము తెలిసికొనుటకు నాకు చాల సేపు పట్టెను. కఱ్ఱ తేమ పీల్చినచో ఉబ్బును, ఎండినచో కుదియును. పొడవున ఈ మార్పు లెక్కకు రానంత స్వల్పము. అడ్డమున మాత్రము చాల యెక్కువ. అందును చెట్టు వలయముల వెంబడి కలుగు కుదింపు, నడిబొడ్డునుండి బెరడువైపునకు కలుగు కుదింపునకు ఇంచుమించు రెట్టింపు. అలుగునుండి వెనుకకు సాగి పిడిలో దూరియుండు ఇనుపకాడ మాత్రము ఉబ్బదు, కుదియదు. నీళ్లలో వేసిన పిడి ఉబ్బి, లోనికాడమీదికి వచ్చి ఒత్తుకొనును. ఇనుము చోటు ఇయ్యదు గనుక కఱ్ఱ తన నారను తానే నలుగగొట్టుకొనును. మరల ఎండినపుడు ఆ నలిగిన నార లేచి రాదు. రంధ్రము మునుపటికంటె పెద్దదగును. ఒకమాఱు నానవేసినవాడు మరుసటి యేడును నానవేయవలసినదే. ప్రతిమాఱును కాడచుట్టు కఱ్ఱ పిండియగుచుండును. పైకి మాత్రము పిడి నున్నగా చక్కగానే కనబడును.

మన నెల్లూరుసీమలో ఈ చేటు మఱింత యెక్కువ. ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్యపు వానలు, సముద్రపుగాలి తేమ. వైశాఖ జ్యేష్ఠములలో పడమటిగాలి, వడగాడ్పు. ఒకే పిడి ఆరుమాసములు ఉబ్బును, ఆరుమాసములు కుదియును. మైపాడు, కృష్ణపట్నము వైపున చేపలు కోయు కత్తులకు ఉప్పుగాలి తోడై లోపలి కాడను తుప్పు తినును. తుప్పు ఊరక తినిపోవునది కాదు. అది తాను పుట్టిన యినుముకంటె రెట్టింపునకు మించిన చోటు కోరును. పిడి పొడవునా నెఱ్ఱె విచ్చుట కనబడినచో లోపల కాడ తుప్పుపట్టి ఉబ్బినదేమో యని ముందుగా చూడవలెను.

ఇక కఱ్ఱ మాట. పిడికి పచ్చికఱ్ఱ పనికిరాదని అందఱకును తెలియును, అందఱును పచ్చికఱ్ఱయే వేయింతురు. కోతలు రేపనగా నేడు జ్ఞప్తికి వచ్చుటయే దానికి కారణము. నల్లతుమ్మ చేవ మనవైపు పిడులకు వాడుకలోనున్న కఱ్ఱ. దెబ్బకు ఓర్చును, చేతికి జారదు. మొద్దును కొన్ని మాసములు చెఱువునీటిలో నానవైచి, పిదప నీడను ఆరవేయుట పెద్దల పద్ధతి. నీటిలో పస దిగిపోవుటచే తరువాత పురుగు తక్కువగా పట్టును. చింతచేవ బరువైనది, గట్టిది. చిన్న కత్తులకు బాగుండును. రేగుకఱ్ఱ మంచిది. సరుగుడు మన తీరమున తోపులు తోపులుగా పెరుగుచున్నను పిడికి పనికిరాదు, ఎండునపుడు బీటలువాఱును. జామాయిలు కఱ్ఱయు అంతే. మనవారు తిట్టుకొను సర్కారుతుమ్మ కలదే, పొలముల గట్లను చెఱువులను ఆక్రమించిన ఆ ముండ్లకంప, దాని ముదురుచేవ పిడికి చాల యోగ్యమైనది. ఎండినపుడు కుదియుట దానికి మిక్కిలి తక్కువ. దానిని బొగ్గులకే కాల్చివేయుచున్నాము. నా కొడవళ్లకు ఆచారిగారి మనుమడు వేసినది ఆ కఱ్ఱయే. ఎఱ్ఱచందనము మన వెలికొండలలో పెరుగును గదా, దానితో ఒక పిడి చేయింతమా యని ఎవరైనను అనినచో, ఆ తలపు వెంటనే మానుడు. పిడికెడు కఱ్ఱకు కారాగృహము ప్రాప్తించును.

మన జిల్లాలోని ఉదయగిరిలో కఱ్ఱగరిటెలు, చెంచాలు, కత్తులు చేయు పనివారు కలరు. వారి పనికి భౌగోళిక గుర్తింపుకూడ లభించినది. అలుగును పిడియు ఒకే కఱ్ఱతో చెక్కు ఆ పనివారు కొండమీదనుండి తెచ్చు బిక్కి, నర్ది మున్నగు కఱ్ఱలను ఏరుటలో చూపు శ్రద్ధను మనము ఉక్కుకత్తి పిడికి చూపము.

ఏ కఱ్ఱయైనను చేవభాగమే తీసికొనవలెను. కొమ్మ నడుమనుండు మెత్తని బొడ్డు పిడిలో ఉండరాదు. బీట అక్కడనే పుట్టును. నార పిడి పొడవున సాగవలెనుగాని ఏటవాలుగ పోరాదు. కోసిన ముక్కల రెండు కొనలకును మైనమో సున్నమో పూయుడు. తేమ ప్రక్కలకంటె కొనలనుండి వేగముగ పోవును. అందుచేత కొనలు ముందు ఎండి విచ్చును. పూత దానిని నెమ్మదింపజేయును. అంగుళము మందమునకు ఏడాది ఆరవలెనని వడ్రంగుల లెక్క. రెండంగుళముల లోపు పిడిముక్క యింటి నీడను ఏడాది ఉండినచో నిశ్చింతగా వాడవచ్చును.

కాడను పిడిలోనికి దించు పద్ధతులలో మనవైపు ఎక్కువగా కనబడునది కాల్చి దించుట. కాడను ఎఱ్ఱగా కాల్చి, చిన్న రంధ్రము చేసిన పిడిలోనికి పోటుతో దింపుదురు. పొగ లేచును, చూచుటకు బాగుండును. ఇందు రెండు ప్రమాదములు కలవు. ఒకటి, కాలిన కఱ్ఱ బొగ్గగును. బొగ్గు ఇనుమును పట్టి నిలుపలేదు. రెండు, కాడలోని వేడి అలుగువైపు ప్రాకును. నేడు కమ్మరులు చాలమంది లారీ కమానుపట్టీల ఉక్కుతో కత్తులు చేయుచున్నారు. మంచి ఉక్కే, కాని పదును పెట్టిన తరువాత అది 200 మొదలు 250 డిగ్రీలవరకు కాచి పాకము కుదిర్చినది. మూడువందలు దాటి అంచువఱకు వేడి పోయినచో అంచు నీలిరంగు తిరిగి మెత్తబడును. పిడి వేయబోయి కత్తినే పోగొట్టుకొన్నవారు కలరు. కావున ముందు బరమాతో రంధ్రము ముప్పాతికవంతు చేయవలెను. నోటివద్ద వెడల్పుగను, లోపల సన్నముగను కాడ ఆకారమునకు సరిపోవునట్లు రెండు మూడు బరమాలతో చేయుట మేలు. అలుగును తడిగోనెతో చుట్టి, కాడ కొనను మాత్రమే కాల్చి, చివరి పాతికవంతు కాల్చి దింపవలెను. కాడ పిడి పొడవులో సగమునకు తక్కువ ఉండరాదు. మూడింట రెండువంతులుండినచో మంచిది. గుండ్రని కాడను నేను ఒప్పుకొనను. నా కొడవలి కాడ గుండ్రనిదే. నలుచదరముగ సాగగొట్టి, అంచులను ఉలితో గంట్లు పెట్టించుకొనుడు, అప్పుడది తిరుగదు.

రెండవది లక్కతో బిగించుట. ఇది పూర్వపు పద్ధతి. మన దేశపు పాత తల్వారుల పిడులు ఇట్లే బిగించినవి. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున కరగించిన ఉక్కుకై పారశీక వర్తకులు అంత దూరమునుండి వచ్చెడివారట. అంతటి ఉక్కుతో చేసిన కత్తిని పిడిలో పట్టి నిలిపినది చెట్టుకొమ్మపై పురుగు పెట్టిన లక్క! లక్కను నూఱి, జల్లించిన యిటుకపొడి కలిపి, రంధ్రములో నింపి, కాడను వేడిచేసి మెల్లగా దింపవలెను. ఎఱ్ఱగా కాల్చ నక్కఱలేదు. లక్క కరగుటకు 80 డిగ్రీలు చాలును. కావున ఉక్కు పాకము చెడదు, కఱ్ఱ మాడదు, సందు లేకుండ నిండును, నీరు లోనికి పోదు. మఱియొక సుగుణము: పిడి పగిలినపుడు వేడిచేసి లాగినచో కాడ చెక్కుచెదరక వచ్చును. లోపము మీరే గ్రహించియుందురు. వేడికి బిగిసినది వేడికే వదలును. లక్కపిడి కత్తిని కాగునీళ్లలో వేయరాదు, వేసవిలో రేకులకప్పుమీద పెట్టరాదు. వంటయింటికి నేను దీనిని సిఫారసు చేయను. కొడవలికి, తోటకత్తికి చేయుదును.

వంటయింటి కత్తికి రెండు చెక్కలు ఇరువైపుల పెట్టి రివెట్టులతో బిగించుట యుక్తము. కాడ వెడల్పుగ, పిడి పొడవంతయు ఉండవలెను. చెక్క లోపలి ముఖము సమతలముగ లేనిచో ఎంత బిగించినను సందు మిగులును. సందున కూరగాయల నీరు చేరి కుళ్లును. నేడు రెండు గొట్టములలో వచ్చు అంటుజిగురు దొరకుచున్నది. అది మంచి సాధనమే. జిగురు పూయకముందు ఇనుమును ఆకురాయితో గరుకుచేసి, చమురు లేకుండ తుడువవలెను. చమురు చేయి తగిలినను పట్టదు. రాగి లేక ఇత్తడి సీలలు మేలు. సీల తల కొట్టునపుడు చిన్న సుత్తితో అనేక దెబ్బలు కొట్టవలెనుగాని పెద్ద సుత్తితో రెండు దెబ్బలు కొట్టరాదు. రంధ్రములో సీల ఉబ్బి చెక్కను చీల్చును.

పిడి నోటికి తొడుగు పొన్నును గూర్చి ఒక అపోహ కలదు. బండిచక్రమునకు ఇనుపపట్టా కాల్చి తొడిగి నీళ్లు పోసినట్లే పొన్నునుకూడ కాల్చి తొడిగినచో తానే బిగియునని చాలమంది నమ్మిక. ఇనుము 100 డిగ్రీల వేడికి వేయింట ఒకటింబాతికవంతైనను పెరుగదు. అయిదడుగుల చక్రపుపట్టాను 500 డిగ్రీలు కాచినచో దాని అడ్డుకొలత అంగుళములో మూడవవంతు పెరుగును. ఆ బిగువు ఆకులను కమ్ములను దగ్గఱకు లాగి నిలుపును. అంగుళపు పొన్ను అదే వేడికి ఒకటి రెండు కాగితముల మందమునకు మించి పెరుగదు. కావున పొన్నుకు బిగువు వేడివలన రాదు, పిడి నోటిని సన్నగ వాలుగ చెక్కి దెబ్బతో ఎక్కించుటవలననే వచ్చును. పొన్ను తొడిగిన తరువాతనే కాడను దింపవలెను. కాడ దిగునపుడు కఱ్ఱ విచ్చకుండ కాచుటయే పొన్ను పని. ముందు కాడను దించి, చీలిన పిడికి ఆపైన పొన్ను తొడుగుట దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లు.

కొందఱు సైకిలుగొట్టపు రబ్బరు చుట్టి పని జరుపుకొనుచున్నారు. చేతికి మెత్తగా నుండును. లోపల చీలిక కనబడదు, తడి ఆరదు. మఱికొందఱు నీటిగొట్టపు ప్లాస్టికుముక్కలో కాలిన కాడను దూర్తురు. ఆ పొగలో ఆమ్లవాయువు గలదు. ముక్కును ఊపిరితిత్తులను మండించును. మూసిన కొట్టములో అది చేయవలదని యువకులకు గట్టిగ చెప్పుడు.

పిడి ఆకారము కోడిగ్రుడ్డు అడ్డుకోతవలె ఉండవలెను. గుండ్రని పిడి తడిచేతిలో తిరుగును. కోలపిడిని పట్టినచో అంచు ఎటున్నదో చీకటిలోనైనను తెలియును. చివర కొంచెము లావుండినచో జారదు. కొలత విషయమున మనము చేయు అన్యాయ మొకటి కలదు. పిడులన్నియు మగవాని పిడికిలికే చేయించి, కోతకు కలుపునకు ఆడవారి చేతికి ఇచ్చుచున్నాము. పట్టినపుడు వ్రేళ్లకొనలు అరచేతిని తాకి తాకనట్లుండుట తగిన లావు. అంతకంటె లావైనచో చేయి త్వరగా అలసి పట్టు సడలును.

మెఱుగుపూత వలదు, చెమటచేతికి జారును. అవిసెనూనె పలుచగా పూసి, ఆరిన తరువాత మరల పూయుడు. అవిసెనూనె గాలికి గట్టిపడును. కొబ్బరినూనె, ఆముదము ఆ విధముగ గట్టిపడవు. ఒక హెచ్చరిక. అవిసెనూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలను పడవేయవలదు. అవి తమంతట తామే వేడెక్కి మండగలవు. విప్పి దండెముమీద ఆరవేయుడు.

పూర్వము కమ్మరికిని వడ్రంగికిని కళ్లములో మేర కొలిచెడివారము. మేర పుచ్చుకొన్నవాడు ఏడాది పొడవున మన పనిముట్లు చూచెడివాడు. లొటలొటలాడు పిడి అతని కంటబడినచో తానే తీసికొనిపోయెడివాడు. మేర పోయినది. నేడు పనికి పని, డబ్బునకు డబ్బు. తప్పు కాదు, కాని పిడిని చూచు కన్ను ఆ యేర్పాటుతోనే పోయినది. కుఱ్ఱవారు కొలిమి విడిచి పోవుచున్నారని వగచుచున్నాము గాని, పిడికి ఇరువది రూపాయలు ఎక్కువ అడిగినచో బేరమాడుదుము. 2023 సెప్టెంబరు 17వ తేదీన కేంద్రప్రభుత్వము ఆరంభించిన విశ్వకర్మ పథకమున 18 వృత్తులు చేర్చిరి. వానిలో కమ్మరమును వడ్రంగమును కలవు. పనిముట్లకై 15,000 రూపాయలవఱకు సాయమును, తక్కువ వడ్డీకి అప్పును అందు ఏర్పఱచిరి. మీ యూరిలో ఈ పని చేయువారికి ఆ సంగతి తెలియునో లేదో కనుగొనుడు.

నా పండ్రెండు కొడవళ్లలో మూడింటి కాడలు తుప్పు తిని పనికిరాకపోయెను. తొమ్మిదింటికి ఆచారిగారి మనుమడు కాడలు చదరము చేసి, సర్కారుతుమ్మ పిడులు లక్కతో బిగించెను. నాలుగింటిని సన్నగా చేయించితిని. వ్రేలు కోసికొన్న ఆ యమ్మను పిలిచి, ఆమె చేతికి కొలత పెట్టించితిని. ఆమె పిడిని పట్టి రెండుమాఱులు గాలిలో త్రిప్పి, ముడువని వ్రేలితోనే దానిని గట్టిగ లాగి చూచి, “ఈ వైపు ఇంకొంచెం చెక్కమనయ్యా,” అనినది. చెక్కించితిని. ఇప్పుడవి అటుకమీద లేవు. వంటయింటి పొగ తగులని గోడకు, ఎండ పడనిచోట వ్రేలాడుచున్నవి. కోతలు ముగియగానే మట్టి తుడిచి అలుగునకు ఆముదము రాచుచున్నాము. నీళ్లతొట్టిలో గేదెలు నీరు త్రాగుచున్నవి.